మైనస్ మూడు దగ్గర ఐదు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. పెళ్లయి పంతొమ్మిదేళ్లయింది, ఇంతవరకూ ఆయన ఒక్క తప్పూ చేయలేదు. నా మాట కాదు, ఆయన మాటే. కూరలో ఉప్పు ఎక్కువైతే నాది, తక్కువైతే ఉప్పుది. బండి తాళం కనపడకపోతే తప్పు అది పెట్టిన చోటుది. ఒకసారి ఖమ్మం పోవాల్సినవాళ్లం కొత్తగూడెం బస్సెక్కి కూర్చుంటే, బోర్డు సరిగా ఎందుకు పెట్టలేదని కండక్టరుతో పంచాయితీ పెట్టుకున్నారు. ఇలాంటి మనిషిని దేవుడు లెక్కల మాస్టరును చేశాడు. పొద్దంతా ఊరి పిల్లల తప్పులు దిద్దే మనిషికి సొంతంగా చేసుకునే తీరిక ఎక్కడుంటుందిలే అని నేను సర్దుకుపోయాను.

ఆయన పేరు జోయెల్. జూలూరుపాడు దాటి అడవి వైపు పోయే దారిలో మా ఊరు, ఆ ఊరి హైస్కూల్లో ఆయన ఉద్యోగం. నేను తబితా. నేనూ బీఎస్సీ లెక్కలే చదివాను. ఆ సర్టిఫికెట్ బియ్యం డబ్బా పైఅరలో, గ్యాసు పుస్తకానికీ రేషన్ కార్డుకూ మధ్య భద్రంగా ఉంది. మా అత్తమ్మ సవరమ్మ మాతోనే ఉంటుంది. బడి గడప తొక్కలేదు గానీ, కొడుకు లెక్క మాత్రం నాకంటే ముందే తేల్చేసింది.

"వీడు చిన్నప్పుడు కుండ పగలగొట్టి, కుండే వచ్చి నా మీద పడ్డదని ఏడ్సిండు పిల్లా. నువ్వేం మారుస్తవ్" అన్నది, నేను కాపురానికొచ్చిన నెలకే.

నవ్వుకోవాల్సినవి ఇక్కడికి దాదాపు అయిపోయాయి. ఇక కమ్లి గురించి చెప్పాలి.

కమ్లి మూడు కిలోమీటర్ల అవతల తండా నుంచి వచ్చే పిల్ల. తొమ్మిదో తరగతిలో ఉండగా, బడి వదిలాక ఆటో వచ్చేదాకా మా వరండాలో కూర్చునేది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ దాని పుస్తకంలోకి తొంగిచూసేదాన్ని. అట్లా మొదలైంది మా బడి.

నా బడికి పద్ధతులు పెద్దగా లేవు. మూడు ఖాళీ డబ్బాలు పెట్టాను. లెక్కలన్నీ చీటీల మీద రాసి, వచ్చినవి ఒక దాంట్లో, రానివి ఒక దాంట్లో, వచ్చీరానివి మూడో దాంట్లో వేయాలి. రోజూ చేతులు పెట్టాల్సింది ఆ మూడో డబ్బాలోనే. వచ్చిన లెక్కనే మళ్లీ మళ్లీ చేసి మురిసిపోవడం పిల్లలకు ఇష్టం. పెద్దలకూ ఇష్టమే. ఏ లెక్కయినా చేసేశాక దాన్ని మా అత్తమ్మకు చెప్పి ఒప్పించాలి. అత్తమ్మ మంచం మీద పడుకుని ప్రతి మాటకూ "ఎందుకట్ల?" అంటుంది. ఆమె "సరే" అన్నదంటే ఆ లెక్క వచ్చినట్టు. వర్గ సమీకరణం గ్రాఫు గీశాక, కాగితాన్ని నడుం దగ్గర మడిచి ఎండకేసి చూడాలి. గీతకు ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితే గ్రాఫు సరైనది. పడకపోతే ఎక్కడో ఒక బిందువు తప్పిపోయింది.

శనివారం మాత్రం నా సరదా. నేనే ఒక లెక్క చేసి, మధ్యలో కావాలని ఒక తప్పు దూర్చేదాన్ని. పట్టుకుంటే జామకాయ. కమ్లి మొదటి నెలలో రెండు తిన్నది. మూడో నెలకు మా చెట్టు ఖాళీ అయింది.

ఇదంతా చూసి మా ఆయన, "ఇండ్ల ఆడుకునే ఆటలు వేరు, పరీక్ష వేరు" అనేవారు.

పదో తరగతికొచ్చాక అక్టోబరు, నవంబరుల్లో కమ్లి బడికి రాలేదు. పత్తి తీసే రోజులు. వాళ్ల నాన్న మోతీకి ఉన్న ఎకరంన్నరతో పాటు కౌలుకు తీసుకున్నది రెండెకరాలు. ఇంటిల్లిపాదీ చేలోనే. సగం పరీక్షలకు పిల్ల లేదు, రాసిన వాటిలో మార్కులు లేవు. సరిగ్గా అప్పుడే బడిలో పిల్లల్ని మూడు బ్యాచులుగా విడగొట్టారు. ఏ, బీ, సీ. సీ బ్యాచికి మా ఆయన పెట్టుకున్న పేరు గట్టెక్కే బ్యాచి. పద్నాలుగు మంది. పద్నాలుగో పేరు కమ్లిది.

"ఆ పిల్ల మీ ఏ బ్యాచి పిల్లలకు చెప్పగలదండీ. ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి" అన్నాను.

"లిస్టు పైకి పోయింది తబితా. ఇప్పుడు మారిస్తే నేనే తప్పు చేసినట్టయితది."

ఆయన దృష్టిలో అది జరగని పని.

గట్టెక్కే బ్యాచికి పాఠాలుండవు. ఒక గ్రాఫు, రెండు నిర్మాణాలు, ఒక సగటు లెక్క, కొన్ని బిట్లు. ఇవే, మార్చి దాకా. మూడేళ్లుగా మా బడికి నూటికి నూరు శాతం ఫలితాలు ఈ పద్ధతిలోనే వచ్చాయి. ఆయనకు శాలువా కప్పిన ఫొటో మా ముందుగదిలో, ఏసుప్రభువు పటానికి కొంచెం కిందగా ఉంది. కొంచెమే కింద.

జనవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి రాగానే గ్రాఫు కాగితం నా ముందు పెట్టారు.

"నీ రాత మంచిగుంటది. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ ఆరు. పట్టిక రాసి, గ్రాఫు గీసియ్యి. పొద్దుగాల జిరాక్స్ తీపిస్త."

"వాళ్లతోనే పట్టిక వేయించవచ్చు కదా. ఎక్స్ బదులు అంకె పెట్టుడు ఎంతసేపు."

"వాళ్లకు గీసుడొస్తే చాలు. అర్థమయ్యుడు ఎవరడిగిండ్రు?"

గీశాను. మైనస్ మూడు నుంచి నాలుగు దాకా ఎనిమిది బిందువులు. ఎనిమిదింటిలో ఏడు సరిగ్గా పెట్టాను. మైనస్ మూడు దగ్గర ఆరు రావాలి. ఐదు రాశాను. పట్టికలోనూ ఐదే, కాగితం మీదా ఐదే. గీత ఆ చివర కొంచెం కుంటింది, ఒక చెయ్యి పొట్టిదైనట్టు.

అది పొరపాటు కాదు. శనివారం సరదానే, ఈసారి మా ఆయన కోసం. పంతొమ్మిదేళ్లుగా నేను ఏది చూపించినా చూడకుండానే "చూసిన" అనే మనిషి, సొంత సబ్జెక్టులోనైనా చూస్తారో లేదోనని.

"చూశారా?" అని కాగితం అందించాను.

"చూసిన" అన్నారు, ఫోన్లో క్రికెట్ చూస్తూ.

మర్నాడు సాయంత్రం పట్టుబడిపోతానని నవ్వు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన వచ్చారు, టీ తాగారు, ఏమీ అనలేదు. ఆ మర్నాడూ అంతే. ఇక్కడొక మాట నిజం చెప్పాలి. ఆ కాగితం సంగతి నేను మర్చిపోలేదు. చెప్పే వీలు లేకా కాదు. ఆయన ఎప్పుడు పట్టుకుంటారా అని వేచి చూడటంలో నాకొక సుఖం ఉంది. ఆ సుఖం జనవరంతా ఉంది, ఫిబ్రవరంతా ఉంది.

ఆ రెండు నెలలూ పద్నాలుగు మంది పిల్లలు ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, పైన ఇంకో కాగితం పెట్టి దిద్దారు. తర్వాత చూసి గీశారు. తర్వాత చూడకుండా గీశారు. చివరికి కళ్లు మూసుకుని గీయమని పోటీ పెట్టారట. శనివారాల్లో ఆయన ఎర్రపెన్నుతో దిద్దేవారు, దేనితో పోల్చి దిద్దేవారంటే ఆ కాగితంతోనే పోల్చి. మైనస్ మూడు దగ్గర ఐదుంటే టిక్కు. స్పెషల్ క్లాసులు ఆరింటి దాకా ఉండటంతో కమ్లి బడి నుంచి నేరుగా ఆటో ఎక్కేది. మా వరండాకు రావడం మానేసింది. మూడు డబ్బాల్లో ఒక దాంట్లో నేను ఇంగువ పోసుకున్నాను.

మార్చిలో పరీక్ష. లెక్కల పేపరు రోజు మా ఆయన జూలూరుపాడు నుంచి కోవా తెచ్చారు.

"పడ్డది తబితా. అచ్చం మనదే. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ ఆరు. నా పద్నాలుగురు గట్టెక్కిండ్రు."

కోవా ఇంకా నా నోట్లోనే ఉంది. అప్పుడైనా చెప్పాల్సింది. ఒక బిందువే కదా, ఒక మార్కు పోతుంది, పోనీ అనుకున్నాను. కోవా మింగాను.

ఆ మధ్యలోనే కమ్లి గురుకుల జూనియర్ కాలేజీ ఎంట్రెన్స్ రాసింది. ఎంపీసీలో సీటొచ్చింది. హాస్టలుంటుంది, తిండి వాళ్లే పెడతారు, ఫీజు లేదు. పదో తరగతి మార్కుల మెమో మే ఇరవైలోపు తీసుకెళ్లి ఇవ్వడమొక్కటే మిగిలిన పని. మోతీ చండ్రుగొండ సంతలో రేకు పెట్టె కొని, దాని మీద తెల్ల పెయింటుతో కె. కమ్లి, ఎంపీసీ అని రాయించాడు. దాన్ని తండాకు తీసుకుపోతూ మా ఇంటి ముందు ఆటో ఆపించి మరీ చూపించాడు.

కమ్లికి ఆ సీటు దక్కలేదు. చివరి దాకా దాచి మీ చేత ఊపిరి బిగపట్టించే ఉద్దేశం నాకు లేదు. ఒకరికి తెలిసిన సంగతి తెలిసినట్టు చెప్పకపోతే ఏమవుతుందో ఈ పాటికి నాకు బాగానే అర్థమైంది.

ఏప్రిల్ చివర్లో ఫలితాలొచ్చాయి. ఏ బ్యాచి పాస్. బీ బ్యాచి పాస్. సీ బ్యాచి పద్నాలుగు మందికీ ఫోన్లో మార్కులుండాల్సిన చోట ఒకటే మాట, విత్‌హెల్డ్. ఆపేశారు. ఎందుకో నాలుగు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. అయిదో రోజు హెడ్మాస్టరు వెంకటరామారావు గారికి కాగితం వచ్చింది, మూకుమ్మడి కాపీయింగ్ అనుమానం అని. రుజువైతే పిల్లలు ఈ ఏడాది సప్లిమెంటరీ కూడా రాయడానికి వీల్లేదని.

ఊళ్లో గుప్పుమంది. బడి దగ్గర తల్లిదండ్రులు చేరారు. మా ఇల్లు బడి గోడ పక్కనే. పెరట్లో బట్టలారేస్తున్న నాకు అన్నీ వినిపిస్తున్నాయి.

"సార్, మా పిల్ల కాపీ కొట్టిందంటున్రు" అంటున్నాడు మోతీ. "గది చీమను జూసి పక్కకు జరిగే పిల్ల సార్. మీరొక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్తే వింటరు."

"నేనేం చెప్త మోతీ. పరీక్ష హాల్ల నేనున్ననా? ఎవడో చిట్టీ అందించిండు, అందరు దాన్నే దించిండ్రు. గంత కష్టపడి చెప్పిన, నా పేరు తీసిండ్రు పోరగాండ్లు."

"మా పిల్ల గట్ల చెయ్యదు సార్."

"అందరు గదే అంటరు."

మోతీ తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్న చప్పుడు వినిపించింది.

ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆయన చేతిలో హెడ్మాస్టరుకు వచ్చిన కాగితం జిరాక్స్ ఉంది. కంచం పక్కన పెట్టి చదివి వినిపించారు. పద్నాలుగు జవాబు పత్రాల్లోనూ ఒకటే పట్టిక, ఒకటే గ్రాఫు. స్కేలు రాసిన మూల కూడా ఒకటే. పద్నాలుగింటిలోనూ ఒకే చోట ఒకే తప్పు. మైనస్ మూడు దగ్గర ఆరుకు బదులు ఐదు.

"ఒక్కడు తప్పు రాసిండు, పదముగ్గురు కండ్లు మూసుకుని దించిండ్రు" అన్నారు ఆయన.

నేను గరిట కింద పెట్టాను.

"కాపీ కొట్టలేదండీ. మీరు నేర్పిందే రాశారు. ఆ ఐదు మీ షీట్‌లో ఉంది. నేను రాశాను. కావాలని రాశాను, మీరు పట్టుకుంటారని."

ఆయన లేచి, చెయ్యి కడుక్కోకుండానే సంచీలోంచి షీటు తీశారు. పేపరు అంచున పెన్నుతో లెక్క వేశారు. తొమ్మిది, ప్లస్ మూడు, మైనస్ ఆరు. నాలుగు నెలల్లో ఆయన ఆ లెక్క చేయడం అదే మొదటిసారి. ఆరు వచ్చింది. మళ్లీ వేశారు. మళ్లీ ఆరే వచ్చింది.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎవ్వరికి చెప్పకు" అన్నారు.

"మరి పిల్లలు?"

"నాలుగు రోజులైతే వాళ్లే వదిలేస్తరు. పిల్లల మీద గంత దూరం పోరు."

"కమ్లి సీటు ఇరవై దాకానే."

"సీటు మళ్లొస్తది."

"ఎప్పుడొస్తది?"

"నా ఉద్యోగం పోతే మళ్లొస్తదా? నువ్వు చేసిన పనికి నేను పోవాల్నా?" ఆయన గొంతు లేవలేదు, ఇంకా కిందికి దిగింది. "తప్పుల షీట్‌తోని మూడు నెలలు చెప్పిండట అంటరు. భార్య గీసిచ్చిందట, చూస్కోలేదట అంటరు. ముఖమెక్కడ పెట్టుకోను."

మంచం మీద అటు తిరిగి పడుకున్న అత్తమ్మ కదలకుండానే అంది, "కుండొచ్చి మీద పడ్డదట."

ఎవరూ నవ్వలేదు.

నువ్వే పోయి చెప్పొచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఒకసారి హెడ్మాస్టరు గారింటి గేటు దాకా వెళ్లాను. మా ఇంట్లోకొచ్చే జీతం ఒకటే, బ్యాంకు వాయిదాలు రెండు. గేటు గడియ మీద చెయ్యి వేసి, వాళ్లావిడ బయటికొస్తే, పాలకు తోడుందా అని అడిగి గిన్నెలో తోడు వేయించుకుని వచ్చాను. ఆ నెలంతా నేను చేసిన పని ఎదురుచూడటమే. అందులో నాకప్పటికే అభ్యాసం ఉంది.

విచారణ మే పన్నెండున పెట్టారు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, పిల్లలు ఊళ్లో లేరని హెడ్మాస్టరు వాయిదా అడిగారు. పంతొమ్మిదికి వేశారు. మళ్లీ అడిగారు. ఆ ఉత్తరాల మీద హెడ్మాస్టరు సంతకం కింద మా ఆయన సంతకం కూడా ఉంది. మే ఇరవై వచ్చింది, పోయింది.

ఇరవై ఒకటిన నేను తండాకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. మోతీ భార్య మంచినీళ్లిచ్చింది. కమ్లి చేలో ఉంది, పత్తిమోళ్లు ఏరుతోందన్నారు. గుడిసెలో మూలన రేకు పెట్టె ఉంది. తెల్లక్షరాలు ఇంకా కొత్తగానే ఉన్నాయి. మూత తెరిచి ఉంటే లోపలికి చూశాను. పత్తి విత్తనాల ప్యాకెట్లు, రెండు గడ్డిమందు డబ్బాలు.

"పెట్టె ఖాళీగెందుకని పెట్టినమమ్మా. ఎలుకలు కొట్టకుంట ఉంటయి" అన్నాడు మోతీ. క్షమాపణ చెప్పినట్టుంది ఆ గొంతు. నాకు, మోతీ క్షమాపణ.

ఏమీ చెప్పకుండానే తిరిగొచ్చాను. ఆ సాయంత్రం బియ్యం డబ్బా పైఅరలో వెతికితే నేను గీసిన అసలు గ్రాఫు, జిరాక్స్ తీయించాక ఆయన తిరిగిచ్చినది, దొరికింది. నా సర్టిఫికెట్ కిందే ఉంది.

విచారణ ఇరవై ఏడున జరిగింది. జిల్లా నుంచి భార్గవి మేడమ్ అనే ఆఫీసరు వచ్చారు. పద్నాలుగు మందిలో వచ్చింది ఎనిమిది మంది. మిగతావాళ్లలో ఇద్దరు సత్తుపల్లి వైపు ఆయిల్‌పామ్ గెలలు కోసే పనికి పోయారు, నలుగురి ఆచూకీ ఎవరూ చెప్పలేదు. ఆఫీసరుకు భోజనం మా ఇంటి నుంచే వెళ్లాలని హెడ్మాస్టరు కబురు చేశారు. క్యారియరు సర్దాను. పై గిన్నెలో పప్పు, మధ్య గిన్నెలో దోసకాయ కూర, కింది గిన్నెలో గ్రాఫు.

నేను వెళ్లేసరికి పదో తరగతి గదిలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. చివర కమ్లి. అరచేతులు నల్లబడి, వేళ్ల సందుల్లో పత్తిమోళ్లు గీరిన గాట్లున్నాయి. మా ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నారు. అదే కిటికీ. నేను క్యారియరుతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. వంట మనిషిని ఎవరూ బయటికి పొమ్మనరు.

"ఎవరు అందించారు చిట్టీ? భయపడకుండా చెప్పండి" అంటున్నారు భార్గవి మేడమ్.

ముందున్న కుర్రాడు తల గోక్కున్నాడు. "చిట్టీ లేదు మేడమ్. మాకు నోటికొచ్చు."

"గ్రాఫు నోటికి రావడమేంటి?"

"చేతికొచ్చు మేడమ్."

ఆవిడకు కోపం వచ్చినట్టుంది. ఎనిమిది మందికీ తలా ఒక తెల్ల గ్రాఫు కాగితం ఇచ్చి, ఎడంగా కూర్చోబెట్టి గీయమన్నారు. పిల్లలు వంగారు. పది నిమిషాలు గదిలో పెన్సిళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కాగితాలు తీసుకుని ఆవిడ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకేసి పట్టుకున్నారు. ఏడు గ్రాఫులు ఒకే గీతలా కనిపించాయి. అదే స్కేలు, అదే మూల. మైనస్ మూడు దగ్గర అదే ఐదు.

ఆవిడ కాగితాలు టేబుల్ మీదికి దించారు.

"జోయెల్ గారూ, ఏమిటిది?"

"ప్రాక్టీసు మేడమ్" అన్నారు మా ఆయన. "స్లో లర్నర్స్ కదా, షీట్ ఇచ్చినం. షీట్‌ల ఏదన్న అచ్చుతప్పు పడి ఉంటది."

నేను క్యారియరు కింద పెట్టి, గిన్నెలు ఒక్కొక్కటే తీసి, అడుగున ఉన్న కాగితం తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. కొద్దిగా పప్పు వాసన వేస్తోంది.

"అచ్చు కాదు మేడమ్. చేత్తో గీసింది. నేను ఆయన భార్యను. ఆ ఐదు నేను తెలిసే వేశాను, సరదాకి. తర్వాత తెలిసే ఊరుకున్నాను. ఈ పిల్లలు ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదు."

భార్గవి మేడమ్ నన్ను పైనుంచి కిందికి చూశారు. హెడ్మాస్టరు దగ్గారు. మా ఆయన నా వైపు చూడలేదు. ఆయన ముఖంలో కాస్త తేలిక కూడా కనిపించింది నాకు. తప్పు ఎవరిదో తేలిపోయింది. ఇంట్లోదే, నాదే, ఎప్పటిలాగే.

"సరే, ఏడు అయ్యాయి. ఎనిమిదోది?" ఆవిడ విడిగా పెట్టిన కాగితం తీశారు. "ఇది కమ్లిది. నువ్వొక్కదానివే ఇక్కడ ఆరు పెట్టావు. పరీక్షలో ఐదు రాశావు కదమ్మా?"

కమ్లి లేచి నిలబడింది.

"అవ్ మేడమ్."

"ఆరని ఎప్పుడు తెలిసింది?"

"ముందే తెల్సు. జనవరిలనే."

"ఎట్లా తెలిసింది?"

"మడిసి చూసిన మేడమ్. సున్నా గీత ఒకటి గీత మీద పడేటట్టు మడిస్తే, ఆ చెయ్యి ఈ చెయ్యి మీద పడాలె. పడలే. గీ చెయ్యి పొట్టిగుండె. మల్ల అంకె పెట్టి చేసిన. ఆరొచ్చింది."

ఆ మడత మా వరండాలో నేర్చుకున్నది.

"మరి తెలిసీ పరీక్షలో ఐదు ఎందుకు రాశావు?"

కమ్లి పెన్సిలును అరచేతిలోకి ముడుచుకుంది.

"మీ సార్‌కు చెప్పావా?"

"చెప్పిన."

"సార్ ఏమన్నారు?"

కమ్లి ఒక్కసారి కిటికీ వైపు చూసింది. మా ఆయన పెన్ను మూత తీస్తున్నారు, పెడుతున్నారు. పిల్ల చూపు మళ్లీ నేల మీదికి వచ్చింది. సీటు పోయింది, పెట్టెలో గడ్డిమందు చేరింది, ఇంకా దాచిపెట్టాల్సిన అవసరం దానికేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

"ఏమనలే మేడమ్" అన్నది. "నేను గట్టిగ చెప్పలే. సార్‌కు వినపడలేదేమో. నాదే."

భార్గవి మేడమ్ అది రాసుకోవడం మొదలుపెట్టారు. పెన్ను కాగితం మీద నడుస్తోంది. ఆ ఒక్క వాక్యం పూర్తయితే, మా ఆయనకు ఏమీ కాదు. భార్య పిచ్చి సరదా, పిల్ల చిన్న గొంతు. ఆయన ఉద్యోగం, శాలువా, ఫొటో, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

కుర్చీ కాలు నేల మీద రాసుకున్న చప్పుడైంది. ఆయన లేచి నిలబడ్డారు.

"రాయకండి మేడమ్" అన్నారు. "అది అబద్ధం చెప్తున్నది."

కమ్లి తల ఇంకా దించుకుంది.

"వినపడ్డది నాకు. మంచిగనే వినపడ్డది. లేచి నిలబడి అందరి ముందట చెప్పింది, సార్, గీడ ఆరు రావాలె అని. నేను కాగితం దిక్కు చూడలే. షీట్ మీద ఏముందో గది రాయి, నీ తెలివి తండాల చూపెట్టుకో అన్న. అందరు నవ్విండ్రు. పోయి కూసున్నది. తర్వాత వారం గది ఆరు రాస్తే ఎర్రపెన్నుతోని కొట్టేసి ఐదు చేసిన. నేనే చేసిన."

ఆయన టేబుల్ మీదున్న నా కాగితాన్ని వేలితో పక్కకు జరిపారు, అది ఇందులో లేనట్టు. తర్వాత భార్గవి మేడమ్ వైపు కాదు, చివర నిలబడ్డ పిల్ల వైపు తిరిగారు.

"నీది కరెక్టే కమ్లీ" అన్నారు. "నేను తప్పు."